రవ్వంత పసుపు

పలమనేరులో తెల్లారేది
చెంగల్రాయుడి ఇనప తాళంతో.
మనిషెత్తు తాళం. గుంతలోకి దించి
ఆవులిస్తానే పద్నాలుగు చుట్లు తిప్పుతాడు.
పైపు ముందు దగ్గుతుంది,
గాలి మింగి, తుప్పు కక్కి,
ఆ పైన మాట్లాడుతుంది.
బిందెలు వరస కట్టేది అప్పుడే.

నా పని రంగు చూసేది.
గాజు గొట్టంలో గీత దాకా నీళ్ళు,
సీసాలోంచి అయిదు చుక్కలు,
మూత పెట్టి, తలకిందులు చేసి,
పొద్దుకు ఎదురుగా పట్టుకుంటా.
పసుపు తేలితే మందు ఉన్నట్టు.
మరీ ముదురు కాదు,
నిమ్మతొక్క లోపలి వైపంత. రవ్వంత.
కాలేజీ బస్సు కోసం నిలబడిన ఆడపిల్లలు
"అక్కా, వచ్చిందా?" అంటారు
పరీక్ష ఫలితాలు అడిగినట్టు.

ట్యాంకు కింద వచ్చింది. బజారులో వచ్చింది.
మసీదు పక్క సందులో వచ్చింది.
కుమ్మరి వీధి చివర రాలేదు.
గొట్టం కడిగి మళ్ళీ పట్టినా. రాలేదు.
నీళ్ళు తేటగానే ఉన్నాయి, అదే భయం.
ఆ వీధిలో నాలుగిళ్ళ పిల్లలకు కడుపు జారుతోందని
తల్లులు చెప్పింది కూడా
టమోటా రేటు మాట్లాడుతా, మధ్యలో.

ఆఫీసులో ఏఈ సారు రిజిస్టరు నా వైపు నెట్టి
"సున్నా పాయింటు రెండు రాసెయ్యమ్మా,
అన్ని వీధులకూ అదే కదా" అన్నాడు.
చెడ్డ మనిషి కాదు.
మధ్యాన్నం ఆయనకు చిత్తూరులో మీటింగు.
నా పెన్ను సున్నా దగ్గర ఆగింది.
చుక్క పెట్టలేదు. రెండు రాయలేదు.
ఆ సున్నానే ఇంకోసారి దిద్దినా, గుండ్రంగా,
రెండో క్లాసులో అయివారు దిద్దించినట్టు.

మూడోనాడు తవ్వినారు.
మురిక్కాలవ అడుగున, మోకాటి లోతులో,
పైపు కీలు.
దానికి చుట్టిన సైకిలు ట్యూబు ముక్క,
పైన రాగి తీగ, ఏడు మెలికలు.
మెలికలు చూసి చెంగల్రాయుడు నిలబడిపోయినాడు.
ఆ ముడి ఆయనదే.
పదకొండేళ్ళ కిందట, వానలో,
కొత్త కీలు అడిగితే రేపిస్తాం అన్నారంట.
అందాకా ఉండనీలే అని
తన సైకిలు ట్యూబే కోసి కట్టినాడు.
"రేపు" అన్నాడు నాతో, అంతే.
చేతులు కడుక్కునేదానికి నీళ్ళు వెతుక్కున్నాడు.

కొత్త కీలు పడింది. మందు కలిపినారు.
మర్నాడు గొట్టంలో పసుపు.
వీధంతా వినేటట్టు అరిచినా:
"పట్టుకోండి, తాగొచ్చు!"

దొరసానమ్మ గడపలో కూర్చోని ఉంది.
ఒళ్ళో మనవరాలు,
సెలైను సూది గుర్తు ఇంకా చేతి మీదే.
"మంచిది తల్లీ" అంది, నా సంచి వైపు చూస్తా.
"నీ బాటిల్లో ఉండేవి ఏం నీళ్ళు?"

ఆ బాటిల్లో ఉండేవి క్యాను నీళ్ళు.
మా వీధి మూలలో ప్లాంటు, క్యాను పది రూపాయలు.
నాలుగేళ్ళుగా ఊరందరికీ పసుపు చూపించి
ఇంటికి పోయి క్యాను వంచుకునేదాన్ని.
ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు.
అందరూ వేయించుకుంటా ఉంటే వేయించుకున్నా.

ఆమె ఎగతాళి చేయలేదు.
చెంబు ముంచి చేతికిచ్చింది.
నోట్లో మొదట మందు వాసన,
ఆ వెనక ఇనుము,
ఆ వెనక ఏ రుచీ లేదు.
గుటక దిగేదాకా వీధి వీధంతా నా గొంతే చూసింది.

సాయంత్రం ఇంటికొచ్చి
క్యాను మల్లెచెట్టుకు కుమ్మరించినా అని రాస్తే బాగుండు.
కుమ్మరించలేదు. ఇంకా సగం ఉంది.
దాని పక్కన ఒక బిందె పెట్టినా,
కొళాయిది, మూత వేసి.
రేప్పొద్దున చెంగల్రాయుడు తాళం తిప్పినాక
మా కొళాయి కింద కూడా గొట్టం పట్టాల.
ఇన్నేళ్ళలో
మా ఇంటి నీళ్ళు ఒక్కసారీ
పొద్దుకు ఎదురుగా ఎత్తి చూడలేదు.